కుండల మిద్దె కింద

తెల్లారేసరికి అక్కమ్మ చాప, దిండు చంకన పెట్టుకుని ఇంటి పక్కనున్న రేకుల కొట్టంలోకి మారిపోయింది. కొడుకు మునిచంద్ర చెప్పకముందే మారింది. మే నెల కావడంతో తిరుమల కొండకొచ్చే జనం పెరిగారు. మునిచంద్ర ఆటో వేసుకుని బస్టాండుకు పోతే ఎవరో ఒకరు అద్దెకు గది అడుగుతారు.

ఆ ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. గది అద్దెకిస్తే కొడుకూ కోడలూ వంటింట్లో సర్దుకుంటారు. నాలుగేళ్ల కిందట తిరుపతి శివార్లలో ఆ కాలనీ కట్టినప్పుడు, తక్కువ ఖర్చుతో చల్లటి ఇళ్లు వస్తాయని మిద్దెల్లో మట్టికుండలు బోర్లించి పైన కాంక్రీటు పోశారు. ఇల్లు అక్కమ్మ పేరు మీద వచ్చింది. కూలి మిగులుతుందని ఆ కుండలన్నీ ఆమే తలమీద మోసింది.

"ఈ ఎండల్లో ముసలామెను రేకుల కింద ఎట్లా పండబెడతావు?" అని అడిగింది మునిచంద్ర భార్య ధరణి.

"సీజన్లో నాలుగు రూపాయలు చేసుకోకుంటే ఎప్పుడు చేసుకుంటాం? ఆమేమన్నా అనిందా?"

"అనదు. అందుకే నేనంటా ఉండా."

మునిచంద్ర ఆటో తీశాడు.

గంటలో గుంటూరు నుంచి వచ్చిన దంపతులను తెచ్చి ఇంటి ముందు దింపాడు. గంగాధరం గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. అప్పటికే కరెంటు పోయింది. ఆయన భార్య నిర్మలమ్మ గదిలో కాలుపెట్టి ఆశ్చర్యపోయింది.

"ఫ్యానే తిరగట్లేదు, ఇంత చల్లగా ఉందేంటయ్యా?"

"మిద్దెలో కుండలుండాయమ్మా. ఎండ వేడి కిందికి దిగదు," అన్నాడు మునిచంద్ర గర్వంగా.

మధ్యాహ్నం మునిచంద్ర భోజనానికి వచ్చినప్పుడు నిర్మలమ్మ కిటికీలోంచి కొట్టం వైపు చూస్తోంది. తడిగుడ్డ నెత్తిన వేసుకుని అక్కమ్మ చాప మీద ఒరిగి ఉంది.

"ఎవరయ్యా ఆ పెద్దావిడ? ఆ వేడిలో ఎలా పడుకుంది?"

మా అమ్మ అని చెబితే తరువాతి ప్రశ్న ఏమిటో మునిచంద్రకు తెలుసు. నోరు అంతకంటే ముందే పరుగెత్తింది.

"పనామె అమ్మా. ఆడే ఉంటాది."

ఆ మాటలు కొట్టందాకా వినిపించాయి. అక్కమ్మ లేచింది. చెంబుతో నీళ్లు తెచ్చి గడప దగ్గర పెట్టింది.

"నీళ్లు తెచ్చినాను సార్," అంది కొడుకుతో.

అతను అన్నం ముందు కూర్చున్నాడు. ధరణి వడ్డించి పక్కకు తిరిగిపోయింది.

మూడు గంటల బస్సుకు గుంటూరు వాళ్లు బయలుదేరారు. సామాను ఆటోలో సర్దుతున్న మునిచంద్రకు, చిన్న మూటతో వస్తున్న తల్లి కనిపించింది.

"ఈమెను మాతో తీసుకెళ్తున్నామయ్యా," అంది నిర్మలమ్మ. "మా అత్తగారికి తోడు కావాలి. అడిగితే వస్తానంది. నీకేం అభ్యంతరం లేదుగా?"

మునిచంద్ర తల్లి ముఖంలోకి చూశాడు. వేళాకోళం ఎక్కడా లేదు.

"నువ్వు యాడికి పోతావు?"

"పనిమనిషి యాడైనా చేసుకుంటాది సార్. ఆడ ఫ్యాను కింద పడక ఇస్తారంట."

ఆమె ఆటోలో ఒక కాలు పెట్టింది. గంగాధరం వాచీ చూసుకుంటున్నాడు. వెనకనుంచి ధరణి అంది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

మునిచంద్ర ఆటో తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నిర్మలమ్మ వైపు తిరిగాడు.

"పనామె కాదమ్మా. మా అమ్మ. ఈ ఇల్లు ఆమెదే. మీరు పడుకున్న గదీ ఆమెదే."

నిర్మలమ్మ అక్కమ్మ చెయ్యి పట్టుకుని దించింది.

"చెప్పి ఉంటే ఆ కొట్టంలో మేమే పడుకునేవాళ్లం కదమ్మా."

తరువాత భర్తతో సామాను దింపించింది. "మేం నడిచే పోతాంలే," అంది మునిచంద్ర వైపు చూడకుండా. ఆ ఎండలో ఇద్దరూ సందు మలుపు తిరిగేదాకా అతను అట్లాగే నిలబడ్డాడు.

"గదిలోకి పోమ్మా," అన్నాడు చివరకు.

"నిజంగా పోదామనే ఎక్కినానురా. రేకులకు ఓర్చుకున్నా. ఆ మాటకే ఓర్చుకోలేకపోయినా."

ధరణి మూట అందుకుంది. అక్కమ్మ లోపలికి పోయి మంచం మీద కూర్చుంది. మునిచంద్ర వాకిట్లోనే ఉన్నాడు. ముఖం మీద చెమటా కన్నీళ్లూ కలిసిపోయాయి. లోపలినుంచి తల్లి గొంతు వినిపించింది.

"ఎండలో ఏం నిలబడినావు? లోపలికి రా."

అతను గడప దాటాడు. తలెత్తి ఆమెను చూడడం మాత్రం చేతకాలేదు.