మరుగుదొడ్డికి కాపలా

"ఏజెంట్ జయంత్, నువ్వు కాపలా కాయాల్సింది ఒక మరుగుదొడ్డికి."

చీఫ్ నవ్వలేదు. జయంత్‌కి నవ్వే ధైర్యం లేదు.

"స్పేస్ స్టేషన్‌లో ఇద్దరు వ్యోమగాములున్నారు. అక్కడ ఏదీ కిందికి పడదు. ఫ్యాన్ గాలితో లోపలికి లాగాలి. వాళ్ల ఫ్యాన్ చెడిపోయింది. కొత్త సీటూ ఫ్యానూ పాలకొల్లులో సిద్ధం. శత్రువులు ఫ్యాన్ మార్చేసి నకిలీది పెట్టబోతున్నారు. పైకెళ్లాక అది రివర్సులో తిరుగుతుంది."

"అంటే సార్..."

"వాళ్లు పీల్చే గాలి నిండా అదే."

ఆ సీటు తయారైంది రొయ్యల చెరువుల మోటార్లు చేసే గున్నేశ్వరరావు వర్క్‌షాపులో. అక్కడ జయంత్ టెస్ట్ వాలంటీర్ వేషంలో దిగాడు. టెస్ట్ బాగా జరగాలని గున్నేశ్వరరావు భార్య శ్యామలాంబ చెంబులకొద్దీ మజ్జిగ పోసింది. వద్దనడం అతని ట్రైనింగ్‌లో లేదు.

సీటు తనిఖీకి ఇన్‌స్పెక్టర్‌గా సుప్రియ వచ్చింది. అందగత్తె. కోడ్ వర్డ్ కూడా సరిగ్గా చెప్పింది. మన మనిషే! జయంత్ నిశ్చింతగా సీటెక్కాడు. ఆమె ఫ్యాన్ ఆన్ చేసింది, మనిషి తేలిపోకుండా పట్టే కడ్డీలు తొడల మీద బిగించింది, ఆపైన చేతులు కూడా కట్టేసింది.

"సారీ జయంత్. నేను రెండు పక్షాలకీ పనిచేస్తాను."

లేజర్ వాచీ చేతికే ఉంది, చెయ్యి కదలదు. ట్రాన్స్‌మిటర్ ప్యాంటు జేబులో ఉంది, ప్యాంటు గోడకున్న మేకుకి వేలాడుతోంది. అరిస్తే బయట మోటార్ల హోరు. పైన ఇద్దరి ప్రాణాలు, కింద తన మజ్జిగ, రెండూ తన చేతుల్లో లేవు. జయంత్‌కి నిజంగానే ఏడుపొచ్చింది.

ఫ్యాన్ ఆపే ముందు సుప్రియ నకిలీది తీద్దామని తన సంచీ విప్పింది. లోపల కాజాలు, పనస తొనలు.

తలుపు తోసుకుని శ్యామలాంబ వచ్చింది. "వెతుక్కుంటున్నారాండీ? మా ఇంటికొచ్చినవాళ్లని ఒట్టి సంచీతో పంపమండి. కాజాలకి గ్రీజు వాసన పడుతుందని ఆ ఇనప సామాను తీసి అటక మీద పెట్టించానండి. అయ్యో, ఈయన్ని కట్టేశారేంటండీ?"

సుప్రియ గుమ్మం వైపు పరుగెత్తింది. సీటు ప్యాక్ చేయడానికొచ్చిన గున్నేశ్వరరావూ పనివాళ్లూ గుమ్మం నిండా ఉన్నారు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఎలా ఆపావు?"

"నేనేమీ ఆపలేకపోయాను సార్."

"సరే, సీటు లోపలున్నది అసలు ఫ్యానేనని గ్యారంటీ ఏంటి?"

జయంత్ చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"ఒక్క చుక్క బయటికి రాలేదు సార్."