చెక్కగదిలో గొంతు

మా కాలేజీ చిన్నది. రెండంతస్తుల రాతి కట్టడం, మూడొందల లోపు విద్యార్థులు, నడిపేది క్యాథలిక్ సిస్టర్లు. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, సంగీతం చెబుతాం. ఉద్యోగం తప్ప అన్నీ నేర్పుతామని స్టాఫ్ రూములో మాలో మేమే నవ్వుకుంటాం. నేను చరిత్ర చెబుతాను. కొత్తగా చేరేవాళ్ల కోసం కాలేజీ గురించి ఓ పరిచయ పుస్తకం రాయమని ప్రిన్సిపాల్ సిస్టర్ నాకు పురమాయించారు. ఫొటోలకి మా ఆడపడుచుని పిలిచాను. పెళ్లిళ్లలో ఫొటోలు తీయడం ఆమె వృత్తి. మా ఆయన పోయి రెండేళ్లయినా మా ఇద్దరికీ రాకపోకలు తగ్గలేదు. అన్నంటే ప్రాణం పెట్టిన మనిషి.

సెలవులు కావడంతో ఎక్కడా అలికిడి లేదు. లైబ్రరీ, పియానో గది, క్లాసులు అయ్యాయి. చివరికి ప్రార్థనా మందిరంలోకి వెళ్లేసరికి మధ్యాహ్నమే మబ్బు కమ్మి చీకటి పడింది. లోపల చల్లగా ఉంది. ఆరిపోయిన కొవ్వొత్తుల వాసన. రంగుటద్దాల మీద వాన చప్పుడు.

మూలన నల్లటి చెక్కగది. పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఫాదర్‌కి చెప్పుకోడానికి. మధ్య అరలో ఫాదర్ కూర్చుంటారు, పక్క అరలో వచ్చినవాళ్లు మోకరిస్తారు. రెండు అరలకీ నడుమ చిల్లుల కిటికీ.

"ఉత్త చెక్క తీస్తే ఏం బావుంటుంది వదినా? లోపల మోకరించు, వెనకనుంచి తీస్తాను," అంది.

"నా పాపాలకి నీ మెమరీ కార్డు చాలదే," అని నవ్వుతూ లోపలికెళ్లాను.

నా వెనక తెర పడింది. తర్వాత... కిటికీ అవతల పలక జరిగిన చప్పుడు. ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"చెప్పమ్మా."

ముసలి గొంతు. ఫాదర్ గారే అనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. "క్షమించండి ఫాదర్, ఊరికే ఫొటో కోసం..."

"ఆ రాత్రి సంగతి చెప్పు."

ఆ రాత్రి మా ఆయన గుండెల్లో నొప్పన్నారు. ఆసుపత్రికి వెళదామన్నారు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. గ్యాస్ అయ్యుంటుందిలే అన్నాను. తెల్లారేసరికి మనిషి చల్లబడిపోయారు. నిద్రలోనే పోయారని అందరికీ చెప్పాను. ఆడపడుచుక్కూడా.

"మూడుసార్లు అడిగాడు కదూ?"

లేవబోయాను.

"నువ్వేమన్నావు?"

నేను పెదవి విప్పలేదు. కానీ అవతలనుంచి నా గొంతే వినిపించింది. అదే విసుగు... అదే సాగదీత...

"తెల్లారాక వెళదాంలే... పడుకోండి."

ఏడ్చేశాను. "నేనిప్పుడేం చెయ్యాలి ఫాదర్?"

ఆ గొంతు కిటికీకి మరీ దగ్గరగా వచ్చింది.

"నీ ప్రాయశ్చిత్తం ఏమిటో బయటున్న అమ్మాయికి చెప్పాను."

తెర లాక్కుని బయటపడ్డాను. కెమెరా నేలమీదుంది. మా ఆడపడుచు మధ్య అర తలుపుకి చెవి ఆనించి నిలబడింది.

"అలాగే," అంటోంది. "అలాగే... అలాగే."

"ఫాదర్ ఏమన్నారే?" గుసగుసగా అడిగాను.

నెమ్మదిగా నా వైపు తిరిగింది. కళ్లలో తడి లేదు. "పద వదినా. వెలుతురు పోయింది."

అంతలో తాళాల గుత్తితో సిస్టర్ వచ్చారు. లోపల ఫాదర్ ఉన్నారన్నాను. "ఆయన ఊళ్లోనే లేరుగా!" అంటూ మధ్య అర తలుపు తీసి చూపించారు. కిందనుంచి పైదాకా పాత పాటల పుస్తకాలు. చెయ్యి దూర్చే సందు కూడా లేదు.

ఆ వారమే మా ఆడపడుచు సూట్‌కేసుతో మా ఇంటికొచ్చేసింది. నేను రమ్మనలేదు. వచ్చినప్పటినుంచీ నన్ను పల్లెత్తు మాట అనలేదు. వంట చేస్తుంది, బట్టలు మడతపెడుతుంది. కానీ రోజూ పొద్దున్నే నా మంచం పక్కన కూర్చుని, నా మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని నాడి దెబ్బలు లెక్కపెడుతుంది.

"ఆ గొంతు నీకేం చెప్పిందే?" అని బతిమాలతాను.

"ఇంకా మిగిలున్నాయిలే వదినా," అంటుంది.

ఈ పొద్దున అడిగితే ఆ మాట అనలేదు. ఎన్నడూ లేనిది, చాలా త్వరగా చెయ్యి వదిలేసింది.