రెండున్నర సెకన్లు

దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని ఎవరు పుట్టించారో గానీ, నాకు జరిగిందంతా పట్టపగలే జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మనుషులు ఆవులించే వేళలో.

అప్పటికింకా ఆకాశంలోకి సొంత ఉపగ్రహాన్ని పంపే స్తోమత మా పరిశోధన కేంద్రానికి లేదు. అందుకని ఉన్న చంద్రుణ్ణే వాడుకున్నాం. ఇంటి కప్పంత యాంటెన్నాని చంద్రుడి వైపు తిప్పి గొంతు పంపితే, అది అక్కడ తగిలి వెనక్కి వస్తుంది. పోయి రావడానికి రెండున్నర సెకన్లు. నా పని రిసీవర్ గదిలో. కిటికీలు లేని గది, వేడెక్కిన రేడియో వాల్వుల వాసన, చెవులకి హెడ్‌ఫోన్లు, ముందు కదిలే కాగితం చుట్ట. గొంతు వెళ్ళినప్పుడు పెన్ను ఒక గీత ఎగరేస్తుంది, తిరిగొచ్చినప్పుడు ఇంకొకటి. ఆ రెండింటి మధ్య దూరం స్కేలుతో కొలిచి, ఎన్ని సెకన్లో పుస్తకంలో రాయాలి. బుర్ర పెట్టాల్సిన పని కాదు, ఓపిక ఉంటే చాలు.

ఆ గొంతు మా చెల్లిది. చిట్టి అంటాం. కేంద్రంలోనే టైపిస్టు. గంటలాంటి గొంతని మెచ్చుకుని పెద్దసారు దాని చేత ఒకటి నుంచి పది దాకా చదివించి టేపు చేయించారు. ఆ టేపునే వంద సార్లు పంపాలి. వంద సార్లూ ఒకే గొంతు ఉండాలి, లేకపోతే ఏ రోజు ఫలితాన్నీ ఇంకో రోజుతో పోల్చలేమని ఆయన పట్టు. వంద పూర్తయితే నా ఉద్యోగం ఖాయం చేస్తానని మాటిచ్చారు. నాన్న లేని ఇల్లు మాది. ఆ మాట కోసం నేను ఎంతకైనా తెగించేదాన్ని. తెగించాను కూడా.

అరవయ్యోసారి దగ్గర చిట్టికి గొంతులో పుండు లేచింది. నెల తిరక్కుండా మాట పడిపోయింది. ఆసుపత్రి మంచం మీద పలక పెట్టుకుని రాసి చూపించేది. ఒకరోజు రాసింది, "అక్కా, నేను పోయాక ఆ టేపు ఆపెయ్. నా చేత అక్కడ ఒంటరిగా లెక్కపెట్టించకండి."

"పిచ్చిదానా, అలాగేలే" అని దాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. మూడోరోజు పోయింది.

అప్పటికి డెబ్భై ఒకటి అయ్యాయి. "ఆపేద్దాం సార్" అన్నాను. నిజంగానే అన్నాను.

"ఆపితే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలమ్మా. అప్పటికి నీ పోస్టు ఉంటుందో ఉండదో" అన్నారాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. వారం తిరక్కుండా నేను మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. నేను ఎవరికీ అడ్డు చెప్పను.

ఎనభయ్యోసారి, 'ఏడు' తర్వాత చిన్న దగ్గు వినిపించింది. పంపే టేపునీ, తిరిగొచ్చినదాన్ని రికార్డు చేసే టేపునీ వెనక్కి తిప్పి విన్నాను. పంపినదాంట్లో దగ్గు లేదు. వచ్చినదాంట్లో ఉంది.

ఎనభై ఆరోసారి, 'పది' తర్వాత ఊపిరి. తడి ఊపిరి. వాల్వుల వాసన మధ్యలోంచి గొంతుకి పూసే మందు వాసన గుప్పుమంది. స్కేలు పెట్టి కొలిస్తే రెండు సెకన్లే వచ్చింది. మళ్ళీ కొలిచాను, రెండే. అనుమానం తీరక, గొంతు లేకుండా ఉత్త టిక్కుమనే శబ్దం పంపించి చూశాను. దానికి రెండున్నర. చిట్టి గొంతుకి మాత్రం రెండు.

నెలల తరబడి ఆ దూరాలు కొలిచినదాన్ని, నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. తక్కువ సమయంలో వస్తోందంటే తక్కువ దూరం నుంచి వస్తోందని అర్థం. చిట్టి చంద్రుడి దగ్గర లేదు. ఇటు బయల్దేరింది.

పుస్తకంలో 'రెండున్నర' అని రాశాను. తేడా రాస్తే పెద్దసారు ఆ సారిని లెక్కలోంచి కొట్టేస్తారు. మళ్ళీ ఇంకోటి చెయ్యాలి.

తొంభై మూడు. ఒకటిన్నర సెకన్లు. అంకెల మధ్యలో సన్నగా, "అక్కా... దాహం..."

రెండున్నర అని రాశాను.

తొంభై ఏడు. ఒక్క సెకను. స్కేలు కాగితం మీదే వదిలేశాను. నాకు భయం వెయ్యలేదని చెబితే అబద్ధం. చచ్చేంత భయం వేసింది. కానీ లేచి టేపు ఆపడానికి ఆరడుగులు వెయ్యాలి, ఆ ఆరడుగులూ వెయ్యలేదు.

తొంభై తొమ్మిది. అర సెకను. 'పది' అయిపోయాక గరగర మధ్యలో గుసగుసగా, చెవిలో నోరు పెట్టినట్టు...

"అక్కా... ఇంకొక్కటి ఉంది కదా... అదైనా ఆపవా..."

నా గదిలో మైకు లేదు. అయినా గొణిగాను.

"ఇన్ని ఓర్చుకున్నావు. ఆ ఒక్కటీ ఓర్చుకోలేవుటే?"

హెడ్‌ఫోన్లు చెవులకి నొక్కుకున్నాను. తర్వాత మెల్లగా వినపడింది.

"సరే అక్కా."

వందోసారి మధ్యాహ్నం మూడింటికి పెట్టుకున్నాం. పక్కగదికి ఉన్న అద్దం అవతల పెద్దసారు, ఇవతల నేను. పుస్తకంలో రెండున్నర అని ముందే రాసి పెట్టుకున్నాను. టేపు తిరగడం మొదలైంది.

ఒకటి.

పెన్ను ఒక్కసారే ఎగిరింది. రెండో గీత రాలేదు.

రెండు.

ఒక్క గీతే. హెడ్‌ఫోన్లలో ఉత్త గరగర... గొంతు మాత్రం వినపడుతోంది. హెడ్‌ఫోన్లు తీసేశాను.

మూడు.

గదిలోనే ఉంది. గిరుక్కున వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. కుర్చీ, గోడ, తలుపు...

నాలుగు.

ఇంకా దగ్గరగా. ఇంతకంటే దగ్గరగా ఇంకొకరి గొంతు వినపడదు...

ఐదు.

అప్పుడు తెలిసింది, నాలుక కదులుతోందని. నా నాలుకే. రెండు చేతులతో నోరు నొక్కేసుకున్నాను. అరచేతుల కింద పెదవులు 'ఆరు' అన్నాయి. పెదవి కొరుక్కున్నాను. రక్తం ఉప్పగా తగిలింది. 'ఏడు' అని, చిన్నగా దగ్గాను. నాకు దగ్గు రాలేదు. అయినా దగ్గాను. పది దాకా ఆగలేదు. పది తర్వాత నా ముక్కులోంచి తడి ఊపిరి వచ్చింది.

పెద్దసారు లోపలికొచ్చి, కాగితం వైపు చూడకుండా పుస్తకంలో సంతకం పెట్టారు. "వందా అయ్యాయి. ఏమ్మా, ఒక్క మాటైనా అనవేం?" అన్నారు. తల ఊపాను. నోరు తెరవడానికి ధైర్యం చాలలేదు. దారిలో పలకరించినవాళ్ళందరికీ తలే ఊపుకుంటూ ఇంటికి నడిచాను.

వంటింట్లో అమ్మ నేల మీద కూర్చుని ఏదో తరుగుతోంది. చిట్టి పోయినప్పటి నుంచి ఆవిడ మొహంలో నవ్వు చూడలేదు. ఒకవేళ అంతా సర్దుకుందేమోనని, గుమ్మంలో నిలబడి మెల్లగా పిలిచి చూశాను.

"అమ్మా."

గంటలాంటి గొంతు. నాది కాదు.

అమ్మ తలెత్తింది. కిటికీ వెలుతురు నా మొహం మీదే పడుతోంది. ఆవిడ చూపు నా కళ్ళల్లోకే, తిన్నగా. తడబాటు లేదు, అనుమానం లేదు. మొహమంతా విప్పారింది.

"చిట్టీ... వచ్చావా తల్లీ. ఎండన పడి వచ్చావు, కూర్చో" అంది. కొంగుతో నా చెమట తుడిచింది. ఆ తర్వాత నా భుజం మీదుగా వీధి వైపు చూసి, "అక్కేదీ? ఇంకా రాలేదా?" అని అడిగింది.

నేనేనమ్మా అక్కని. ఆ ఒక్క మాట చెప్పడానికి ఉన్న ఊపిరంతా కూడదీసుకున్నాను. నోరు తెరిచాను.

"అక్క రాదమ్మా" అంది నా నోరు. "తనకి అక్కడే పని ఖాయమైంది."

అమ్మ "సరేలే" అని లేచి, గూట్లోంచి చిట్టి కంచం దించి కడిగింది. నా కంచాన్ని చేతికందని పై అరలో బోర్లించింది.