యాసల గదిలో సిగ్నలమ్మ

“ఆ ఇనప నిచ్చెన ఎప్పుడూ తడిగానే ఉంటుంది సారూ. మా పిల్ల కిందికి చూసి దిగే రకం కాదు. కాలు జారిందంటే ఇంకేముంది, నలభై అడుగుల లోతు!”

డైరెక్టర్ గడియారం చూసుకున్నాడు. “సిగ్నలమ్మగారూ, అక్కడ బాంబు ఉంది. మీరు నిచ్చెన గురించి భయపడుతున్నారు.”

“బాంబు గురించీ భయపడుతున్నాను సారూ. అదుందని ఇది మానేస్తామా?”

మూడో అంతస్తులో కిటికీల్లేని ఆ గదిని గూఢచారి ఆఫీసంతా యాసల గది అంటుంది. మారువేషానికి మీసం అతికిస్తే చాలదు, నోరు కూడా మారాలి. అందుకని రిటైరైన పనివాళ్ళని తెచ్చి అక్కడ కూర్చోబెట్టారు. జేబుదొంగల భాషకి ఒక మాజీ జేబుదొంగ, పేకాట భాషకి ఆస్తంతా పేకలో పోగొట్టుకున్న పెద్దమనిషి. ఓడ మాటలకి కెప్టెన్. పేరుకే కెప్టెన్, జన్మంతా డెక్కు కడిగినవాడు. సిగ్నలమ్మ ఇరవై రెండేళ్ళు రేవులో క్రేన్ల కింద నిలబడి సిగ్నల్ ఇచ్చిన మనిషి. చదువు ఏడో తరగతి. పాఠం మాత్రం కాగితం లేకుండా చెప్పేది. ‘ఆరియా’ అంటే దించు. ‘హబీస్’ అంటే ఎత్తు. ఏ దేశపు నావికులు వదిలిపోయిన మాటలో, రేవుల్లో పాతుకుపోయాయి.

ఇవాళ ఆ మాటలు పట్టుకుని ఓడ అడుగున నిలబడ్డది ఆవిడ కూతురే. కోడ్ నేమ్ పిచ్చుక. నెత్తిన హెల్మెట్, చేతిలో వాకీటాకీ, చెవిలో గింజంత ఇయర్‌పీస్, జాకెట్ రెండో బొత్తాంలో మైక్రోఫోన్. వారంగా ఆ క్రేన్‌కి సిగ్నలర్ తనే.

మిషన్ క్లుప్తంగా ఇది. ప్రయాణికుల ఓడలోకి సరుకుతో పాటు ఒక విదేశీ ముఠా బాంబు పెట్టె దించబోతోంది. పెట్టె అడుగు నేలను తాకితే స్విచ్ పడుతుంది. పది నిమిషాల్లో ఓడా, ఎనిమిది వందల ప్రాణాలూ గల్లంతు. అది ఏ పెట్టో, ముఠాలో ఉంటూ మనకు పనిచేసే ‘సీతాకోక’ చూపించాలి. నల్ల కళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫు, మనిషికన్నా ముందే గదిలోకొచ్చే సెంటు. ఆవిడా ఈ సిగ్నలమ్మ దగ్గరే రేవు మాటలన్నీ తోలు పుస్తకంలో రాసుకుని నేర్చుకుంది.

యాసల గదిలో అందరి హెడ్‌ఫోన్స్‌లోనూ ఎత్తు మడమల చెప్పుల చప్పుడు.

“పైన దిగుతోంది చూశావా పాపా? అదే పెట్టె,” అంది సీతాకోక గొంతు.

“అయితే ఆపించేస్తాను మేడమ్...”

“ఆపించవు.” ఏదో క్లిక్కుమంది. “దింపిస్తావు. పైన క్రేన్ డ్రైవర్‌కి ఓడ అడుగు కనపడదు. నీ గొంతు తప్ప ఇంకో గొంతు నమ్మడు. లేకపోతే నేనే దింపించుకునేదాన్ని. స్టాప్, హోల్డ్, హబీస్... ఆపే మాటలన్నీ నాకొచ్చు. ఒక్కటి నోట్లోంచి వచ్చిందా, కాలుస్తా.”

డైరెక్టర్ ఇంకో మైకు లాక్కున్నాడు. “మనల్నే అమ్మేసింది! టీమ్, ఎంత దూరం?”

“ఆరు నిమిషాలు సర్,” అంది స్పీకర్.

సిగ్నలమ్మ చేయి మాట్లాడే మీట మీదికి పోయింది. డైరెక్టర్ గబుక్కున పట్టుకున్నాడు. “వద్దు. ఆవిడ పక్కనే ఉంది. ఇయర్‌పీస్‌లో మీ గొంతు గుసగుసలాడినా చాలు, పిల్ల దక్కదు.”

“మరి నేనేం చెయ్యను సారూ?”

“వినండి.”

విన్నది. “ఆరియా... ఆరియా... ఆరియా...” కూతురి గొంతు వణకలేదు. ఆ తోలు పుస్తకంలోని ప్రతి మాటా తను చెప్పిందే. అర్థం కాలేదంటే రెండోసారి కూడా చెప్పింది, ఒళ్ళు మండిపోను!

“ఆరియా... ఆరియా...”

ఆ తర్వాత ఏమీ లేదు.

“ఏమైంది? ఎందుకు ఆగింది?” డైరెక్టర్ లేచి నిలబడ్డాడు.

“చెప్పవే! దించమను!” సీతాకోక అరుస్తోంది. పిచ్చుక పలకడం లేదు.

“సారూ, మాట ఆగితే క్రేన్ ఆగాలి,” అంది సిగ్నలమ్మ. “సరుకు గాల్లో ఉన్నంతసేపూ సిగ్నలర్ మాట అంటూనే ఉండాలి. మాట తెగిందంటే వైర్‌లెస్ పోయిందనో, మనిషే పోయిందనో లెక్క. డ్రైవర్ ఉన్నచోటే బిగించేస్తాడు.”

“సీతాకోకకి తెలీదా?”

“నన్ను మాటలడిగింది. ఇది మాట కాదుగా, ఏమని రాసుకుంటుంది?”

“మరి పిల్లకి చెప్పావా?” అన్నాడు కెప్టెన్.

సిగ్నలమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. వేళకి తినమని చెప్పింది. బూట్ల తాళ్ళు బిగించుకోమని చెప్పింది. ఇది చెప్పిన గుర్తు లేదు. వారంలో ఆ డ్రైవరైనా చెప్పి ఉండాలి. లేదా పిల్లకి భయంతో నోరు పడిపోయి ఉండాలి.

“మూడు లెక్కపెడతా. ఒకటి...”

ఏదో బరువైనది మెత్తనిదాన్ని గుద్దింది. ఒక ఆడకేక. ఒక తుపాకీ దెబ్బ. ఆపైన గరగర.

ఆ కేక ఎవరిది? ఇరవై నాలుగేళ్ళుగా ఆ పిల్ల ఏడుపు విన్న చెవులు కూడా తేల్చుకోలేకపోయాయి.

డైరెక్టర్ ఆవిడ చేయి వదిలేశాడు. “ఇప్పుడు మాట్లాడండమ్మా. ఇంక దాచేదేం లేదు.”

“అమ్మడూ, నేనే. పలుకు తల్లీ.” గరగర. “ఒక్క మాట. తిట్టు, ఫర్వాలేదు.” గరగర.

ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. కెప్టెన్ మెల్లిగా టోపీ తీశాడు.

“నువ్వు ముందు ఆ టోపీ పెట్టుకో!” కసిరింది సిగ్నలమ్మ. కెప్టెన్ పెట్టుకున్నాడు. మూడో నిమిషం కూడా అయిపోయింది. ఆవిడ మీట నొక్కి పెట్టుకుని అమ్మడూ, అమ్మడూ అని అరుస్తూనే ఉంది.

గరగర తెగింది.

“అమ్మా, అరవకు, చెవులు పోతున్నాయి.” ఆయాసం. “గుద్దుకి వాకీటాకీ మీట ఇరుక్కుపోయింది, ఆ గరగర దానిదే. పలికితే నా గొంతు విని దించేస్తాడేమోనని, బ్యాటరీ ఊడదీసేదాకా నోరు విప్పలేదు. పెట్టె నేలకి జానెడెత్తున ఉంది. కావాలనే మాట ఆపేశాను, ఠక్కున ఆగితే ఊగుతుంది కదా, మేడమ్ సరిగ్గా దానికి అడ్డంగా నిలబడింది. ఆవిడ కాలు విరిగింది, గుండు ఎటో పోయింది. తుపాకీ నా దగ్గరే ఉంది. డాక్టర్ని తొందరగా పంపమను. ఈవిడ నా చెయ్యి వదలట్లేదు, ‘భయంగా ఉంది పాపా, ఎక్కడికీ పోకు’ అంటోంది.”