జిగణి ల్యాబ్‌లో సాగిన దారం

"మన పైలట్ ఆశ ఆకాశం అంచుకి పోయే బెలూన్ ఎక్కి కూర్చుని ఉండాది గిరిధర్. ఒక్కతే," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్ గురుమూర్తి, బెలూన్ వదిలే మైదానం నుంచి ఇయర్‌పీస్‌లో. జిగణి రోడ్డు ట్రాఫిక్‌లో గిరిధర్ కారు కదలడం లేదు. "బెలూన్ చేసిన ప్లాస్టిక్‌ని ఫారిన్ ముఠా మార్చేసిందని కబురు. పైకి పోయినాక చిరిగితే పిల్ల మనకు దక్కదప్పా. ల్యాబ్‌లో ఆఖరి టెస్ట్ జరగతా ఉండాది. పాసైతే తాడు విప్పేస్తారు."

"ఇప్పుడే ఆపెయ్యొచ్చుగా?"

"అనుమానం చాలదు, ప్రూఫ్ కావాల. ముఠా ఏజెంట్ పేరు జాజి. ఒకప్పుడు మనకీ పనిచేసింది. మొహం ఎవురూ చూడలే."

గిరిధర్‌కి ఆగడమంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది. కారు దిగి పరుగెత్తాడు.

ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దూరాడు. సైంటిస్ట్ మార్త బెలూన్ ఫిల్మ్ ముక్కను కరిగించి, మెషీన్‌లో రెండు బిళ్లల మధ్య నొక్కి ఉంచింది. పక్కన ఆడిటర్ వర్షిణి. నల్లచీర, ఘాటైన సెంటు. గిరిధర్ ఆమెను రెండుసార్లు చూశాడు. డ్యూటీ కోసం ఒకసారే.

"స్టార్ట్ చెయ్యండి మార్తా. నాకు ఫ్లైట్ ఉంది."

"ఇప్పుడే నొక్కాం మేడమ్. లోపల పొడవాటి గొలుసు అణువులు చిక్కులుపడి బిగుసుకుని ఉన్నాయి. అవి సర్దుకుని ఫోర్స్ సున్నాకి రావాలి. ఇప్పుడే సాగదీస్తే ఆ బిగువు కూడా కలిసి, నాసిరకం కూడా స్ట్రాంగ్‌గా కనిపిస్తుంది."

"మరీ చాదస్తం!"

నిజమే కదా అనుకున్నాడు గిరిధర్. కానీ మార్త మొహం మారిపోయింది.

"మా ఫీల్డ్‌లో ఎవరూ ఈ మాట అనరు మేడమ్. అసలు మీరెవరు?"

వర్షిణి చేతిలోని పెన్నును మార్త మెడకు గురిపెట్టింది. "విషం సూది. స్టార్ట్ నొక్కు."

గిరిధర్ ఏసీ ఫిల్టర్ ఊడబెరికి అడ్డం పెట్టాడు. సూది అందులో దిగబడింది. రెండో సూదికి టైమివ్వకుండా ఆమెను కుర్చీలో కూలేసి చేతులకు బేడీలు వేశాడు. "దొరికింది చీఫ్, ఈమే జాజి!"

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "రిజల్ట్ ఏందప్పా? జాజి దొరికిందన్నా వీళ్లు ఆగమంటాండారు. తాడు మీద చెయ్యేసినారు!"

"మార్తగారూ, నొక్కండి!"

"ఆగండి. ఇంకా సున్నాకి రాలేదు."

"అక్కడ మనిషి ప్రాణం పోతుంది!"

"ఇప్పుడు నొక్కితే టెస్ట్ పాసవుతుంది. అప్పుడు తప్పకుండా పోతుంది."

కుర్చీలోంచి జాజి పకపకా నవ్వింది. "పాపం, ఇతనిదీ నా తొందర జబ్బే!"

స్క్రీన్ మీద అంకె నత్తలా దిగుతోంది. గిరిధర్ బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగించాడు. జీవితంలో ఇంత భయం ఎరగడు. సున్నా!

మార్త మీట నొక్కింది. కరిగిన ప్లాస్టిక్ దారంలా సాగింది. అసలు సరుకైతే సాగేకొద్దీ గట్టిపడి నిలబడాలి. ఇది నడుమ సన్నబడి పుటుక్కున తెగింది.

"పొట్టి గొలుసులు. ఇది మన ప్లాస్టిక్ కాదు!"

"చీఫ్, ఆపండి!"

అవతల కేకలు, పరుగులు. చివరికి ఆశ గొంతు వినిపించింది.

"దింపేసినారు సార్. బాగానే ఉండాను."

గిరిధర్‌కి ఏడుపొచ్చినంత పనయింది. "ఇంక భయం లేదమ్మా. ఇంటికి వెళ్లు."

"అసలు భయం ఆడనే ఉండాది సార్. పైకి పోతాండానని మాయమ్మకి చెప్పలే. ఇప్పుడు టీవీలో చూసేసి ఉంటాది."