ఇంకొక్క ముద్ద

రేడియోలో పొద్దుటి వార్తలు వస్తుండగా మార్తమ్మ మొగుడు దానయ్య కాలి కట్టు విప్పింది. దాచేపల్లి సున్నపురాయి గనిలో రాయి పడి చితికిన బొటనవేలు నెల దాటినా మానలేదు. అంచులు నల్లబడుతున్నాయి. దానయ్యకు షుగరుందని తెలిసింది కూడా ఆ దెబ్బతోనే. షుగరు తగ్గకపోతే వేలు తీసేయాల్సిందేనని డాక్టరు మొహం మీదే చెప్పాడు. కాలు సరిలేని మనిషిని గనిలోకి ఎవరు రానిస్తారు?

మార్తమ్మ ఏం తక్కువ చేసింది? ఇంట్లో పంచదార పలుకు లేదు, బెల్లం ముక్క లేదు. కొవ్వు మంచిది కాదని ఎవరో అంటే తాలింపు కూడా మానేసింది. తీపి లేనిది అన్నమొక్కటే కదా అని అదే కడుపునిండా పెడుతోంది. మారు వడ్డించకుండా మనిషిని కంచం ముందు నుంచి లేవనిచ్చే ఆడది ఆ వంశంలోనే లేదు. మరి షుగరెందుకు తగ్గదు? దొంగతిండి కాక ఇంకేముంది!

కట్టు కట్టి, టింక్చరు సీసాకు మూత పెట్టడం మరిచి, కంచంలో అన్నం గుట్టగా పెట్టింది. "నిజం చెప్పు. టీకొట్లో జిలేబీలు తింటన్నావా?"

"లేదే."

"ప్రార్థన చేసే నోటితో అబద్ధాలాడమాక!"

"ఏందే నీ గోల! బిడ్డ మీద ఒట్టు, తిన్లేదు!" దానయ్య కంచం విసురుగా నెట్టాడు. సీసా ఒరిగి టింక్చరు అన్నంలో పడింది. తెల్లటి మెతుకులు చూస్తుండగానే నల్లగా అయిపోయాయి.

"ఓరి దేవుడో, ఇదేంది!" మార్తమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

గురజాలలో ఇంటర్ చదివే కూతురు కృపామణి జడ అల్లుకుంటూ వచ్చి, అక్కడే ఆగిపోయింది. "భయపడమాకమ్మా. టింక్చర్లో ఉండేది అయోడిన్. పిండిపదార్థం మీద పడితే అట్టాగే నల్లబడుద్ది. మా ల్యాబులో చేయించారు. నాన్నకు రోజూ ఇంతన్నం పెడతన్నావా?"

"పెడితే ఏంది? అన్నంలో తీపేడుంది?"

"ఉందమ్మా. పిండిపదార్థం పూసలదండ లాంటిది. ఒక్కో పూసా చక్కెరే. దండగా ఉన్నంతసేపు నాలిక్కి తెలీదు. నోట్లో, పేగుల్లో దారం తెగి పూసలన్నీ నెత్తుట్లోకి పోతయ్. కాసిని మెతుకులు మింగకుండా నమిలి చూడు."

వెక్కిరించడానికే మార్తమ్మ గిన్నెలో మెతుకులు తీసి నోట్లో వేసుకుంది. కాసేపటికి నాలుక మీద సన్నగా తీపి తగిలింది. దవడలు ఆగిపోయాయి.

"కొవ్వు మొత్తం మానిపించకూడదమ్మా," కృపామణి నల్లబడ్డ కంచం పక్కకు తీసింది. "పుండు మీద కొత్త చర్మం రావాలన్నా అది కాస్త కావాలి. ఇదంతా పరీక్షకు బట్టీపట్టా, నాన్న కంచం వంక మాత్రం చూళ్ళేదు."

మార్తమ్మ భోరుమంది. "నా చేతుల్తోనే పెట్టానయ్యా! పైగా నిన్ను దొంగన్నాను!"

"ఏడవమాకే. ఆకలి లేకపోయినా, నువ్వు ఇంకొక్క ముద్ద అంటే కాదనలేక తిన్నా. నీ ఒక్కదాని తప్పా ఇది?"

తల్లీకూతుళ్ళు ఆకుకూర తాలింపు వేశారు. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు దానయ్య కంచంలో కూర నిండుగా, అన్నం పిడికెడు. వేలు నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు.

అన్నం అయిపోగానే మార్తమ్మ చెయ్యి అలవాటుగా గరిటె మీదికి పోయింది. పెదాల దాకా వచ్చిన మాట మింగేసి, గిన్నె మీద మూత పెట్టింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె ఇంత కష్టమైన పని చేయలేదు.