జర ఫోన్ పక్కకు పెట్టు

“ఫోన్ చూసుడు తగ్గించే యాప్ చేసుకుంట నువ్వే కండ్లు పోగొట్టుకుంటవు బిడ్డా. రేపు నిన్నెవలు చేసుకుంటరు?”

అని మా అమ్మాయిని భయపెట్టాను. అప్పటికి తన కళ్లకేమీ కాలేదు. వికారాబాద్‌లో మా ఇంటి ముందు, రేకుల కింద కూర్చుని అశ్విని లాప్‌టాప్‌లో పని చేసుకుంటోంది, అంతే. విసుక్కుంటుందనుకున్నాను. తన ఫోన్ నా నోటి దగ్గర పెట్టి, ఇలాంటి మాటే ఇంకోటి అనమంది.

“జర ఆ ఫోన్ పక్కకు పెట్టు. అన్నం తిన్నవా లేదా?” అన్నాను.

దాన్నే యాప్‌లో పెట్టింది. పెట్టుకున్న టైం దాటగానే నా గొంతు వస్తుంది. తెలిసినవాళ్లందరికీ ఇచ్చి వాడి చూడమంది. అందరికీ ఫోన్ చూడటం తగ్గిందట. తన స్నేహితురాలి అన్న, తాండూరులో ఉండే ఈశ్వర్‌కి మాత్రం రోజూ టైం దాటుతోందట. ఈ ఒక్కడి వల్ల తన యాప్ పనికిరానిదవుతుందని అశ్విని మండిపడింది. నాకేమో ఆ పిల్లవాడు ఏ ఆన్‌లైన్ జూదంలో పడ్డాడో, ఏమైపోతాడో అని భయం. ఇద్దరం తాండూరు బస్సెక్కాం.

అతనిది బండల పాలిష్ పని. మిషన్ హోరులోనే అశ్విని తిట్టడం మొదలుపెట్టింది. అతను వినబడక మిషన్ ఆపాడు. మిగిలిన తిట్లు అక్కడున్న పనివాళ్లందరూ విన్నారు.

“నా యాప్ నచ్చకుంటే తీసెయ్. గిట్ల చెడగొట్టుడెందుకు?”

ఈశ్వర్ మోచేతుల దాకా అంటిన రాతి బురద చూసుకుంటూ నిలబడ్డాడు. “మస్తు నచ్చింది. టైం దాటితే గా అమ్మ ‘అన్నం తిన్నవా’ అంటది గదా. గది వినెటందుకే దాటిస్తున్న.”

“అయితే తిన్నవా, లేదా?” అని నేను నిజంగానే అడిగేశాను.

గొంతు గుర్తుపట్టి నా వైపు తిరిగాడు. తర్వాత అశ్విని వైపు చూశాడు. పోట్లాడటానికి వచ్చిన పిల్ల పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది. చెల్లెలి పెళ్లయ్యాక ఇంట్లో తండ్రీ కొడుకులే మిగిలారట, ఎవరికి ఆకలైనప్పుడు వాళ్లు తింటారట. పాపమనిపించి, ఒకరోజు భోజనానికి రమ్మన్నాను. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని తిరుగుప్రయాణం అంతా దిగులు పడ్డాను.

వచ్చాడు. తర్వాత యాప్‌లో ఏదో తప్పు దొరికిందంటూ మళ్లీ మళ్లీ వచ్చాడు. మా ఆయన దేవప్ప అతనితో కందుల ధర మాట్లాడి లోపలికి వెళ్లగానే, అశ్వినికీ అతనికీ వాదన మొదలయ్యేది. తమ ఫోన్లు ఎక్కడ పెట్టారో ఇద్దరికీ గుర్తుండేది కాదు.

ఒక ముసురు రోజు, వెళ్లడానికి లేచినవాడు హెల్మెట్ చేతిలో పట్టుకుని ఆగాడు.

“అశ్వినీ, నీకిష్టమైతే మా నాయనను తీస్కొని వస్త. లేదంటవా, మల్ల రాను.”

అశ్విని లాప్‌టాప్ మూసి ఒళ్లో పెట్టుకుంది. రేకుల మీద వాన పెద్దదైంది. కాదంటుందేమో అని భయపడ్డాను. అవునంటే ఆ రాతి దుమ్ములో కాపురం ఎలాగా అని అంతకంటే భయపడ్డాను. అతను ఇంకాసేపు చూశాడు. తల వంచుకుని వానలోకి దిగాడు. బండి తాళం కూడా తిప్పాడు.

“ఆదివారం రాండ్రి,” అంది అశ్విని. “కానీ రైలుకు రాండ్రి. గీ వానల బండి మీద వస్తే నాకు ఫికరైతది.”